పచ్చ చారల మంచుగంట

జాలెస్యె,
మార్చి 9

మరదలు ఆల్బినాకి,

చర్చి మెట్ల మీద కాదు. నీ మహిళా దినోత్సవపు కార్డులో ఉన్నవి నాలుగు వాక్యాలు, వాటిలో మూడు తప్పు. ముప్ఫై ఏళ్ళకి పైగా బడిపిల్లల పుస్తకాలు దిద్దిన చెయ్యి ఇది, చూసి ఊరుకోమంటే ఊరుకోదు. మీ అన్న రఫాయెల్ ఆ మచ్చలేని తెల్ల మంచుగంట పువ్వు నాకిచ్చింది రైలు వంతెన కింద. ఆ రోజు మహిళా దినోత్సవమూ కాదు, దాని మర్నాడు. పండుగ నాడు ఊళ్ళో మగాళ్ళంతా పువ్వులు పట్టుకుని తిరుగుతుంటే ఆయన పట్టాల బోల్టులు బిగించుకుంటున్నాడు. ఇక నేను ఆనందం పట్టలేక ఏడ్చానని రాశావు చూడు, దాన్ని ఉత్త తప్పు అనడం నీ మీద దయ. నాకు ఆ వారమంతా జలుబు.

నాలుగో వాక్యం నిజమే. నా మనవరాలు బ్రినా మా ఇంటి వెనక ఉన్న నీ పచ్చికలో మోకాళ్ళ మీద పాకుతోంది. ల్యూబ్లానాలో మొక్కల చదువు చదువుతున్నదాన్ని అంటుంది. సెలవు దొరికితే చాలు ఇక్కడికి వచ్చి బురదలో పడుకుంటుంది. తప్పు నాదే. చలికాలంలో పొయ్యి దగ్గర కూర్చుని, తాతయ్య ఆ పువ్వు ఎక్కడ కోశాడని అడిగింది. తోల్మిన్ నానమ్మ పచ్చికలో అని, అంటే నీ పచ్చికలో అని చెప్పాను.

"ఇన్ని లక్షల పువ్వుల్లో ఎక్కడో ఒకటి మాట వినదు నానమ్మా. బయటి మూడు రేకులు తెల్లగా ఉండాలి, లోపలి మూడు చిన్న రేకుల మీద పచ్చ మచ్చ ఉండాలి. అది వాటి పద్ధతి. ఆ పద్ధతి వినని దాని కోసమే నా వెతుకులాట" అంది.

"మాట విననిది కావాలంటే అద్దంలో చూసుకోక ఇంత దూరం రావడం దేనికే" అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. శనివారం దానికి ఒకటి దొరికింది, ఫోటో తీసి తెచ్చి చూపించింది. తెల్లది కాదు. బయటి రేకుల కొస నుంచి సగం దాకా పచ్చ చారలు, సన్నటి కుంచెతో గీసినట్టు. లోపలి రేకులు దాదాపు పూర్తిగా పచ్చన. ఒక్క దుబ్బు, నా గుప్పెడంత. పక్కనున్నవన్నీ మామూలువే. దుంప తవ్వడానికి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా అది తవ్వదు. పక్కన చిన్న పుల్ల పాతి ఎర్ర ఉన్ని దారం కట్టింది. ఎందుకంటే పువ్వు వాడిపోయాక ఏది ఏదో దేవుడికి కూడా తెలియదట. ఇది ఈ ఒక్క ఏడాది చలి చేసిన చిత్రమో, మొక్క పుట్టుకే అంతో తేలాలంటే వరసగా మూడు వసంతాలు అదే ముఖం చూపించాలట.

చూపించాలంటే మే నెలాఖరులో ఆకులు పండి వాటంతటవే పడిపోయేదాకా వాటి జోలికి ఎవరూ పోకూడదు. ఆకు తిన్న ఎండే దుంపకి మరుసటి ఏడు అన్నం. కానీ నిన్న రొట్టెల బండి దగ్గర లుద్విక్ ఏమన్నాడో తెలుసా? యూరి పండుగ నాటికి తన గొర్రెల మంద నీ పచ్చికలో దిగుతుందట. నువ్వు మాటిచ్చావట. అంటే ఏప్రిల్‌లోనే. నలభై గొర్రెల కాళ్ళ కింద అక్కడేం మిగులుతుంది?

మామగారు ఇల్లు మీ అన్నకీ, పచ్చిక నీకూ రాశారు కాబట్టి నేను ఆజ్ఞాపించలేను. అడుగుతున్నాను. లుద్విక్‌కి ఈ ఏడాది వద్దని రాయి. ఫోన్‌లో చెబుదామంటే నీకు నచ్చిన ముక్కలే నీకు వినపడతాయి, అందుకే కాగితం.

వదిన,
మిలోయ్కా


తోల్మిన్,
మార్చి 16

ప్రియమైన వదినా,

నీ ఉత్తరం చదివేటప్పుడు చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టాను, అయినా వినపడింది. రైలు వంతెనే అనుకుందాం. జలుబే అనుకుందాం. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, పెద్దవాళ్ళ ముక్కు ఎందుకు కారుతోందో నాకేం తెలుసు.

లుద్విక్ సంగతి. నవంబరులో మార్టిన్ పండుగ నాడు కొత్త వైన్ తాగుతూ, సగం ఊరు చూస్తుండగా అతని చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. మనవాళ్ళలో చేతిలో చెయ్యి వేసి వెనక్కి తీసుకున్న ఆడదాన్ని చూశావా నువ్వు? పోనీ మగాణ్ణి? అతని మేత వాలు పోయిన శరదృతువు వానలకి సగం జారి వాగులో పడింది. కొత్త గడ్డి వచ్చేదాకా ఆ గొర్రెల్ని ఎక్కడ మేపుతాడు? వంటింట్లోనా? పైగా గొర్రెలు మంచుగంటల్ని ముట్టవు, అవి చేదు. ఆ విషయంలో వాటికి నీ మనవరాలి కంటే బుద్ధి ఎక్కువ.

బ్రినాని నేను ఎత్తుకుని పెంచాను, దాని చదువు మీద నాకూ గర్వమే. కానీ వదినా, ఆ తెల్లదాని కోసం వెతకొద్దని చెప్పు. దొరకదు. యాభై ఏళ్ళ కిందటి పువ్వు, అది ఒక్కసారి పూసి ఉంటుంది, అంతే. అది దొరకలేదని పిల్ల దిగులుపడుతుంది, దాన్ని చూసి నువ్వు దిగులుపడతావు, పైకి మాత్రం నన్ను తిడతావు. అన్నయ్య పోయి నాలుగేళ్ళయింది. కొన్ని జ్ఞాపకాలు ఎక్కడున్నవి అక్కడే ఉంటే బాగుంటాయి, తీసి వెలుగులో పెడితే రంగు పోతుంది.

నా మోకాలు మళ్ళీ వాచింది. ఈసారి వచ్చేటప్పుడు నీ కోసం వాల్‌నట్ రొట్టె చేసి తెస్తాను. ఈలోగా గొర్రెల్ని మేయనీ.

నీ
ఆల్బినా


జాలెస్యె,
మార్చి 22

ఆల్బినా,

గొర్రె ముట్టదన్నావు. ముట్టదు, ఒప్పుకున్నాను. తొక్కుతుంది. నువ్వు కూడా బూట్లు తినవు గదా, అయినా అవి నీ అటకంతా నిండి ఉన్నాయి. వాలు మీద తడి నేలలో నాలుగు కాళ్ళ జంతువు నెల రోజులు తిరిగితే ఆకు మిగలదు.

నిన్న జరిగింది చెబుతాను. బ్రినా మళ్ళీ వచ్చింది. కొలతబద్ద, కెమెరా, ఎర్ర దారం ఉండ. ముక్కు నేలకి ఆనించి పడుకుని ఉంది. లుద్విక్ బాట మీద సైకిల్ ఆపాడు. నేను వెనక అరుగు మీద బంగాళాదుంపలు ఏరుకుంటూ అంతా విన్నాను.

"ఏమే అమ్మాయీ, ఏం పోగొట్టుకున్నావు?"

"పోగొట్టుకోలేదు తాతా, దొరికింది. పచ్చది."

"గడ్డంతా పచ్చదేగా!"

"పువ్వు పచ్చది."

అతను సైకిల్ పడేసి వచ్చి వంగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలియదనుకుంటాను. "డెబ్బై రెండేళ్ళుగా ఈ వాలు కింద బతుకుతున్నాను, ఇలాంటిది చూడలేదు" అన్నాడు.

"అయితే గొర్రెల్ని తోలొద్దు తాతా."

"తోలకపోతే అవి నన్ను తింటాయి. మీ తోల్మిన్ నానమ్మ నా చేతిలో చెయ్యి వేసి మాటిచ్చింది. ఆవిడ వద్దంటే మానేస్తాను. కానీ ఆవిడే అనాలి."

చూశావా, మనిషి మంచివాడే. సగం వాలు పోయినవాడి మీద నాకు కోపం లేదు. నాకు అంతుపట్టనిది నువ్వు. నేను అడిగింది పచ్చదాని గురించి. నీ ఉత్తరం నిండా ఉన్నది తెల్లదాని గురించి. దొరకదంటావు, వెతకొద్దంటావు, వెలుగులో పెట్టొద్దంటావు. పరీక్షలో ఒక ప్రశ్న అడిగితే ఇంకో ప్రశ్నకి జవాబు రాసే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ళకి అసలు జవాబు రాక కాదు. రాయాలంటే భయం.

ఏమిటమ్మా నీ భయం?

మిలోయ్కా


తోల్మిన్,
మార్చి 30

వదినా,

నాలుగుసార్లు రాసి చింపాను. ఇదైనా పోస్టులో పడుతుందో లేదో తెలియదు.

నువ్వెప్పుడూ ఇంతే. బల్ల దగ్గర నిలబెట్టి అడిగే పంతులమ్మవి. నాకు అరవై మూడేళ్ళు, నువ్వు కళ్ళజోడు పైనుంచి చూస్తే ఇప్పటికీ చేతులు వెనక్కి దాచుకోవాలనిపిస్తుంది. భయం నా కోసం కాదు. నీ కోసం, పోయిన మా అన్నయ్య కోసం.

బ్రినా నాకూ ఉత్తరం రాసింది, నీకు చెప్పిందో లేదో. ఈ పచ్చదాని ఫోటోలు వాళ్ళ కాలేజీ మొక్కల తోటలో పెద్దాయనకి చూపించిందట. అదే పచ్చికలో మచ్చలేని తెల్లది కూడా ఉండేదని నువ్వు చెప్పినట్టు రాసుకున్నారట. మా తాతయ్య కోసినది, మా నానమ్మ కళ్ళారా చూసింది, ఆవిడ చెబితే తిరుగుండదు అందట. వచ్చే ఏడాది మనుషుల్ని తీసుకొచ్చి వాలంతా అడుగడుగునా వెతుకుతారట. చదువుకున్నవాళ్ళు, వదినా. అడిగినకొద్దీ అడుగుతారు. ఎన్ని రేకులు, ఎలా ఉంది, ఎండబెట్టి దాచారా అని. చివరికి ఎవరో ఒకరు నవ్వుతారు. నువ్వు నలుగురిలో నవ్వుల పాలైతే నేను చూడలేను. అంతకంటే, ఆ పువ్వు గురించి నువ్వు యాభై ఏళ్ళుగా దాచుకున్నది ఏదో అది పోతే, తర్వాత నీ దగ్గర ఏం మిగులుతుంది?

గొర్రెలు దిగితే అంతా సర్దుకుంటుందనుకున్నాను. నేల తొక్కుడు పడుతుంది, వెతకడానికి ఏమీ ఉండదు, ఎవరూ ఎవరినీ అడగరు. నిజం చెప్పాలంటే అదీ నా లెక్క. లుద్విక్‌కి మాటిచ్చినప్పుడు ఇదంతా లేదు, ఆ ప్రమాణం నిజాయితీగానే చేశాను. కానీ ఇప్పుడు దాన్ని పట్టుకుని వేలాడుతున్నది మాత్రం ఇందుకే.

ఆ పువ్వు గురించి నీకొకటి చెప్పాలి. కాగితం మీద రాయలేను. ఎదురుగా కూర్చున్నా చెప్పగలనో లేదో. నన్ను అడగకుండా వదిలెయ్యలేవా?

ఆల్బినా


జాలెస్యె,
ఏప్రిల్ 3

ఆల్బినా, పిచ్చిపిల్లా,

నువ్వేమీ చెప్పనక్కర్లేదు. కూర్చో. చెవి మిషన్ పెట్టుకో, ఇది నెమ్మదిగా చెబుతున్నాను.

మంచుగంట లోపల ఆరు కేసరాలుంటాయి, పసుపుపచ్చగా. వాటి చుట్టూ మూడు చిన్న రేకులు లంగాలా కప్పుకుని ఉంటాయి. పచ్చ మచ్చ ఉండేది ఆ రేకుల మీదే. మీ అన్న వంతెన కింద నాకిచ్చిన పువ్వులో ఆ లంగా లేదు. కేసరాలు పాపం చలిలో నిలబడి ఉన్నాయి. రేకులు ఊడిన చోట మూడు చిన్న తడి గాయాలు, ఒక దాని పక్కన గోటి గాటు. నేనప్పుడు తోల్మిన్‌లో పంతులమ్మ చదువు చదువుతున్నాను, అంతకు నెల ముందే మొక్కల పరీక్షలో తరగతికి మొదటిదాన్ని. ఆయన చేతిలో ఉండగానే చూశాను. తీసుకోవడానికి చెయ్యి చాపకముందే చూశాను.

"ఇలాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదు" అన్నాడు, చెవులదాకా ఎర్రబడి.

"లేదు" అన్నాను. అది మాత్రం నిజమే కదా.

ఎందుకు చెప్పలేదంటావా? అంతకు ముందు దాకా నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు తమ ఆవుల సంగతీ అటకల సంగతీ చెప్పారు. ఒక్క మనిషి నా కోసం కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ మొరటు వేళ్ళతో పువ్వు చెడకుండా లోపలి రేకులు తీశాడు. అది అబద్ధమే. కానీ ఎంత ఓపికతో చేసిన అబద్ధం! దాన్ని పట్టుకుని దిద్దాలనిపించలేదు. నా జన్మలో దిద్దకుండా వదిలేసింది అదొక్కటే అనుకుంటాను. అయినా వెంటనే ఒప్పుకోలేదులే. బ్రినా చెప్పే మూడు వసంతాల నియమం నేను దానికంటే ముందే పెట్టాను. మూడేళ్ళు ఆగమన్నాను. మనిషి అదే ముఖం చూపించాడు, చేసుకున్నాను.

అసలు నేను నీకు చెప్పాల్సింది ఇది కాదు. దీని తర్వాతది.

పెళ్ళైన మొదటి మార్చిలో ఒక పొద్దున, "కంచె చూసొస్తాను మిలోయ్కా" అని వెనక తలుపులోంచి వెళ్ళాడు. నీ పచ్చికకి కంచె ఏనాడైనా ఉందా? వంటింటి కిటికీలోంచి చూశాను. చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, వాలు మీద అటు చివరి నుంచి ఇటు చివరికి నడుస్తున్నాడు. జీవితమంతా పట్టాలు చూసుకుంటూ నడిచిన మనిషి, నేల చూడటం ఆయనకి జీతమిచ్చి నేర్పారు. అక్కడక్కడా ఆగి, కిందికి వాలి ఉండే ఒక పువ్వు తల ఎత్తి లోపలికి చూసి, దించేసేవాడు. అప్పుడు అర్థమైంది నాకు. నిజంగా మచ్చలేనిది ఒకటి ఎక్కడో ఉంటుందని, దొరికితే తను చెప్పిన అబద్ధం అబద్ధం కాకుండా పోతుందని వెతుకుతున్నాడు.

ప్రతి మార్చిలో వెతికాడు. పిల్లలు పుట్టాక, డ్యూటీ దిగి నిద్రపోకుండా వెతికాడు. పని మానేశాక రోజూ వెతికాడు. చివరి ఏడు కర్రతో వెళ్ళాడు, వంగలేకపోయాడు, కర్ర కొసతో పువ్వుల్ని మెల్లగా ఎత్తి చూశాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, "ఈ ఏడూ కంచె బాగానే ఉంది మిలోయ్కా" అన్నాడు.

"సరే, కాళ్ళు తుడుచుకో" అన్నాను.

నా దగ్గర ఏం మిగులుతుందని అడిగావు. ఇదీ నా దగ్గరున్నది. పువ్వు కాదు. పువ్వు ఆ వారంలోనే వాడిపోయింది.

ఇక ఆ పచ్చది. బ్రినా చెప్పడం, దుబ్బు అంత కావాలంటే చాలా ఏళ్ళు పడుతుందట. అంటే అది మీ అన్న కాలంలోనే అక్కడుంది. తెల్లదాని కోసం వెతుకుతూ, ఆ మహానుభావుడు పచ్చదాని పక్క నుంచి ఎన్నిసార్లు నడిచాడో! వంగి చూసే ఉంటాడు. "ఛ, మచ్చ ఇంకా ఎక్కువగా ఉందే" అని దించేసి ఉంటాడు. అది తలుచుకుని మొన్న పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నవ్వాను, నవ్వు ఆగలేదు, తర్వాత నవ్వు కాకుండా పోయింది. జలుబు లేదు ఈసారి.

అందుకని ఆ దుబ్బు నాకు కావాలి. అది ఆయన నాలుగు దశాబ్దాల పైన నడిచిన నేల. బ్రినాకి కూడా చెబుతాను, తెల్లది రాసుకున్న చోట కొట్టెయ్యమని, తాతయ్య పువ్వు చేతి పని అని. నవ్వుతారా, నవ్వనీ. నవ్వదగిన విషయమే.

లుద్విక్ సంగతి నువ్వు చూడు. యూరి పండుగ దగ్గరపడింది.

మిలోయ్కా


తోల్మిన్,
ఏప్రిల్ 8

వదినా, వదినా,

కింద కాపురముండే ఆవిడ తలుపు కొట్టి ఏమైందని అడిగింది. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆవిడకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

కానీ ఒక్కటి దిద్దాలి. నిన్ను దిద్దే అవకాశం జీవితంలో మళ్ళీ వస్తుందా? అవి అన్నయ్య వేళ్ళు కావు. ఆ వేళ్ళతో బోల్టు తిప్పడమే తప్ప రేకు పట్టుకోవడం ఏం వచ్చు? మొదటి పువ్వుని తలతో సహా నలిపేశాడు. రెండోదీ అంతే. "ఆల్బినా, నీ వేళ్ళు సూది పట్టే వేళ్ళు, నువ్వు తియ్యి" అని బతిమాలాడు. కొట్టంలో, దీపం పక్కన, నేను తీశాను. ఆ గోటి గాటు నాదే. ఎన్ని పాడుచేశామో! పాడైనవన్నీ మేకకి వేశాం, అది మర్నాడంతా తల వేలాడేసుకుని నిలబడింది. అమ్మ దానికి దిష్టి తగిలిందని పవిత్ర జలం చల్లింది. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు అన్నయ్య. ఆ ఒట్టు మోసి మోసి నీ ముందు నోరు తెరవడమే మానుకున్నాను. మోసపోయిన మనిషివని ఇన్నేళ్ళూ నీ మీద జాలి పడ్డాను. జాలా! నీ మీదా!

ఆయన వెతికేవాడని నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి మాత్రం, నా పెళ్ళికి ముందు, "ఒకసారి చెప్పిన మాట నిజం చేయడం చాలా దూరం నడక, ఆల్బినా" అన్నాడు. రైలు పట్టాల గురించి అనుకున్నాను.

ఇప్పుడు నా కష్టం విను. పచ్చికని కాపాడాలని నాకూ ఉంది, నీ కంటే ఎక్కువే ఉంది. కానీ లుద్విక్‌కి చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాట? అందరి ముందూ ఇచ్చాను. గొర్రెలు పస్తులుంటే ఆ పాపం నాది. పువ్వు కోసం మనిషి మందని మాడ్చిందని ఊరు అంటుంది, అన్నా తప్పు లేదు. తోల్మిన్‌లో మేత దొరకదు. వచ్చే వేసవి గడ్డి అంతా ఇస్తానని చెప్పనా? అది ఇప్పటి ఆకలికి పనికిరాదు. నువ్వు పంతులమ్మవి, లెక్క నువ్వే తేల్చు. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

నీ ఆల్బినా


జాలెస్యె,
ఏప్రిల్ 13

ఆల్బినా,

అర్ధ శతాబ్దం పాటు మొగుడి వేళ్ళ పనితనాన్ని మెచ్చుకుంటూ బతికాను. అది ఆడబడుచుదని ఇప్పుడు చెబుతావా? ఇంకేమైనా ఉందా? ఆయన చేసి పెట్టిన ఉయ్యాల కూడా నీ పనేనా? ఉంటే ఒకేసారి రాసెయ్యి, గుండె గట్టిగా ఉండగానే వింటాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పచ్చికలోకి వెళ్ళాను. నవ్వకు, నేను ఆ వాలు మీదికి మార్చిలోగానీ ఏప్రిల్‌లోగానీ ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్తే ఆయన ఏం చేస్తున్నాడో చూసినట్టవుతుంది, చూశానని ఆయనకి తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ కిటికీ ఇవతలే ఉన్నాను. ఈసారి కర్ర పట్టుకుని గట్టు దాటాను. పువ్వులు అయిపోయాయి. ఆకులు పొడుగ్గా సాగి, కాయల బరువుకి కాడలు నేలకి వాలిపోయి ఉన్నాయి. బ్రినా దారం ఉన్న చోటు కనిపెట్టడానికి చాలాసేపు పట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని, తల దించుకుని నడిచాను. అలా నడిస్తేనే కనిపిస్తుంది, నిటారుగా నడిస్తే కనిపించదు, చేసి చూశాను. దుబ్బు పక్కన నిలబడి, "రఫాయెల్, కంచె వేయించాలి" అని పైకే అన్నాను. వాగు అవతల నుంచి ఎవరిదో కుక్క జవాబు చెప్పింది.

అక్కణ్ణుంచి నేరుగా లుద్విక్ దగ్గరికి వెళ్ళాను. లెక్క తేల్చమన్నావు కదా. మా ఇంటి ముందు బేరి తోట ఉంది. మే నెలాఖరు దాకా అతని మంద అందులో మేస్తుంది. ఆ తర్వాత ఆకులు పండిపోతాయి, నీ పచ్చిక అతనిది.

లుద్విక్ టోపీ వెనక్కి తోశాడు. "పంతులమ్మగారూ, తోటలో కోడి దూరితే కర్రతో తరిమే మనిషి మీరు. నలభై గొర్రెల్ని పెడతారా?"

"తరమను. తిడతాను. వాటికి అలవాటు చేసుకోమను."

"ఎండాకాలం మీ ఎండుగడ్డి పోతుంది."

"నాకు ఆవు లేదు. నేను గడ్డి తినను."

"మరి ఆల్బినాగారు నాకిచ్చిన మాట?"

అక్కడే అతను పట్టు విడవలేదు, నాకు అది నచ్చింది. చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాటని కాగితం మీద మారిస్తే కుదరదట. అదే చెయ్యి వచ్చి మళ్ళీ పట్టుకుని, పచ్చిక బదులు తోట అని చెప్పాలట. సాక్షులుగా మార్టిన్ పండుగ నాడు ఉన్నవాళ్ళే ఉండాలట, వైన్ అతను పోస్తాడట. కాబట్టి మోకాలు వాచినా సరే నువ్వు రావాలి. బ్రినా కూడా ఆ రోజుకి వస్తుంది, తోట చుట్టూ వల కట్టడానికి. దానికి మీ అన్న సంగతి అంతా చెప్పాను. ముందు కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత తన కాగితంలో తెల్లదాన్ని కొట్టేసి, పక్కన ఏదో రాసింది. చూపించమంటే చూపించలేదు. అడిగి అడిగి లాక్కున్నాను. "దొరకలేదు. వెతికినది: రఫాయెల్, చివరిదాకా" అని ఉంది. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

యూరి పండుగ ముందు రోజు పొద్దున బస్సెక్కి మోస్ట్ న సోచి దాకా రా, అక్కడ మధ్యాహ్నం రైలు పట్టుకో. బస్సెక్కే ముందు సహకార దుకాణానికి వెళ్ళి గొర్రెలు నాకే ఉప్పు దిమ్మ ఒకటి కొను. మేకులాంటి దానికి తగిలించేందుకు మధ్యలో రంధ్రం ఉండాలి, లేనిది అంటగడతారు, చూసి తీసుకో. ఒంట్లో ఉప్పు చాలని గొర్రె చెట్టు బెరడు కొరుకుతుందని లుద్విక్ చెప్పాడు. ఆ బేరి చెట్లన్నీ మీ అన్న అంటుకట్టినవి. దిమ్మ బరువుగా ఉంటుంది, నువ్వు మోయకు, బస్సులో పక్కన కూర్చున్నవాడెవడో ఒకణ్ణి అడుగు. తడి తగలకుండా రెండు సంచుల్లో చుట్టించు.

వదిన,
మిలోయ్కా